గుడ్డ కప్పినంత మాత్రాన నిద్ర పట్టదు: పెంపుడు పక్షికి విశ్రాంతి ఎలా ఏర్పాటు చేయాలి

"మా పిట్ట పగలంతా కునుకుతోంది, జబ్బేమైనా చేసిందా?" "ఇన్నాళ్లూ చేతి మీదికి వచ్చేది, ఈ మధ్య కరుస్తోంది." "అర్ధరాత్రి పంజరంలో దడదడ కొట్టుకుంటోంది, ఏం చూసి భయపడుతోంది?" పక్షులు పెంచేవాళ్ల నుంచి ఈ మూడు ప్రశ్నలూ మళ్లీ మళ్లీ వస్తాయి. మూడింటికీ ముందు వేయాల్సిన ఎదురు ప్రశ్న ఒకటే: నిన్న రాత్రి అది ఎన్ని గంటలు పడుకుంది? "తొమ్మిదింటికే గుడ్డ కప్పేశాం" అంటే అది జవాబు కాదు. గుడ్డకు అవతల టీవీ పదకొండున్నర దాకా మోగితే, ఇవతల పిట్ట కూడా పదకొండున్నర దాకా మేలుకునే ఉంటుంది.

పక్షి కునుకు తీయాలంటే నాలుగు కుదరాలి: చీకటి, నిశ్శబ్దం, వెనక నుంచి ఎవరూ రారన్న ధైర్యం, రోజూ ఒకే వేళ. గుడ్డ వీటిలో మొదటిదాన్ని మాత్రమే ఇస్తుంది, అదీ సగమే. మిగతావి ఎలా అమర్చాలో కింద వరసగా ఉంది.

ఎంత నిద్ర కావాలి

బడ్జీలు (చాలామంది లవ్ బర్డ్స్ అని పిలిచేది వీటినే), అసలు లవ్‌బర్డ్‌లు, కాకటీల్స్, కొన్యూర్‌లు, పెద్ద చిలకలు, ఈ చిలక జాతి పక్షులన్నిటికీ రాత్రి 10 నుంచి 12 గంటలు చీకటి, నిశ్శబ్దం కావాలి. ఫించ్‌లు, కానరీలు లాంటి చిన్న పాట పిట్టలకూ దాదాపు అంతే. అంతసేపూ మొద్దు నిద్రే పోవాలని కాదు. పక్షి మధ్యమధ్య కన్ను తెరుస్తుంది, కర్ర మీద అటు ఇటు సర్దుకుంటుంది, మళ్లీ ముక్కు వీపు ఈకల్లో దోపుకుంటుంది. ఎవరూ అడ్డు రాని సమయం అంత ఉండాలి, అంతే.

కావలసినవి

- రెండు మూడు ముదురు రంగు నూలు గుడ్డలు, పంజరానికి మూడు వైపులా, పైనా దిగే కొలతలో
- పసుపు వెలుతురు ఇచ్చే చిన్న బెడ్ లైటు, ఒక వాటు లోపుది
- లైట్లకు తగిలించే టైమర్ (లేకపోయినా పరవాలేదు, గడియారం చూసి చేతితో చేయవచ్చు)
- ట్రేలో పరచడానికి తెల్ల కాగితాలు. రంగుల అచ్చు ఉన్నవి వద్దు, రెట్ట రంగు తెలియదు
- పక్షి పాదానికి సరిపోయే చెక్క కర్ర ఒకటి, నిద్ర కోసం ప్రత్యేకంగా
- ఒక గ్రాము తేడా చూపే వంటింటి కాటా
- కొంచెం కార్న్‌ఫ్లోర్, శుభ్రమైన గాజు గుడ్డ (గాయాలకు కట్టే పలచటి గుడ్డ). అర్ధరాత్రి వెతుక్కోకుండా పంజరం దగ్గరే ఒక డబ్బాలో ఉంచండి
- చిన్న నోటు పుస్తకం

చేయాల్సిన పని

1. పంజరం చోటు ఖాయం చేయండి

పంజరానికి కనీసం ఒక వైపు గోడ ఆనాలి. రెండు గోడలు కలిసే మూల అయితే ఇంకా మంచిది. నాలుగు వైపులా ఖాళీగా గది మధ్యలో ఉన్న పంజరంలో పిట్ట ఎటు చూసి పడుకోవాలో తేల్చుకోలేదు. వేటాడి తినే జంతువు ఏ వైపు నుంచి వస్తుందో అన్నదే దాని పుట్టు భయం. ఇంట్లో పిల్లి లేకపోయినా ఆ భయం పోదు.

ఎత్తు: అది కూర్చునే కర్ర మీ ఛాతీకీ కళ్లకూ మధ్య ఉంటే చాలు. నేల మీద పెడితే అందరూ దాని నెత్తి మీద నడిచినట్టే. పక్షికి పై నుంచి వచ్చే నీడంటే గద్దే.

కిటికీకి ఆనించి పెట్టకండి. పగలు ఎండ, రాత్రి వాహనాల లైట్లు, అద్దం అవతల పిల్లి, కాకి, అన్నీ అక్కడే. కిటికీ కనబడేంత దూరంలో, కానీ పక్కకు జరిపి పెట్టండి. ఫ్యాను గాలీ, ఏసీ గాలీ సూటిగా తగలకూడదు. తగులుతోందో లేదో తెలియాలంటే ఒక టిష్యూ కాగితం పీలికను దారంతో పంజరం ఊచకు కట్టండి. అది అదే పనిగా ఊగుతుంటే చోటు మార్చాల్సిందే.

వంటగది మాత్రం ససేమిరా వద్దు. నాన్‌స్టిక్ పెనం మాడేంత వేడెక్కితే వచ్చే ఆవిరి మనకు వాసన కూడా తెలియకముందే చిన్న పక్షుల ప్రాణం తీస్తుంది. వాటి ఊపిరితిత్తులు గాలిని మనకన్నా చాలా ఎక్కువగా పీల్చుకుంటాయి, విషాన్నీ అలాగే. అగరువత్తుల పొగ, దోమల చుట్ట, స్ప్రేలు, సిగరెట్టు కూడా పంజరం ఉన్న గదిలోకి రాకూడదు.

చోటు ఖాయం చేశాక రోజూ మార్చకండి. "పగలు హాల్లో, రాత్రి బెడ్‌రూంలో" అన్న పద్ధతి తప్పు కాదు, కానీ ఆ రెండు చోట్లూ ప్రతిరోజూ అవే అయి ఉండాలి.

2. నిద్ర కర్ర అమర్చండి

పక్షి తనంతట తాను ఎంచుకునేది పంజరంలో అన్నిటికన్నా ఎత్తున ఉన్న కర్రనే. కాబట్టి అక్కడ మంచి కర్ర పెట్టండి. బడ్జీకి 1 నుంచి 1.5 సెంటీమీటర్ల లావు, కాకటీల్‌కి 1.5 నుంచి 2 సెంటీమీటర్లు. పెద్ద చిలకలకు పాదాన్ని బట్టి. కొలత సరిపోయిందో లేదో ఇలా చూడండి: వేళ్లు కర్ర చుట్టూ ముప్పాతిక వంతు తిరగాలి. ముందు గోళ్లు వెనక గోళ్లను తాకితే కర్ర మరీ సన్నం. వేళ్లు పైన పరుచుకుని సగం కూడా తిరగకపోతే మరీ లావు.

రాత్రంతా బరువు పాదాల మీదే కాబట్టి ఇక్కడ ఇసుక కాగితం చుట్టిన కర్రలు పెట్టకండి. గోళ్లు అరగవు, అరికాళ్లు పుండ్లవుతాయి. నున్నటి ప్లాస్టిక్ కర్ర కూడా వద్దు, పట్టు జారుతుంది. ఎగుడు దిగుడుగా, బెరడుతో ఉన్న, మందులు కొట్టని సహజమైన కొమ్మ అన్నిటికన్నా మేలు.

కర్రను గోడ వైపుకు, తోక ఊచలకు రాసుకోనంత దూరంలో బిగించండి. కింద తిండి గిన్నె, నీళ్ల గిన్నె ఉండకూడదు. పైన, చుట్టుపక్కల గంటలు, అద్దాలు, వేలాడే బొమ్మలు ఉంటే తీసి ఇంకో వైపు కట్టండి. పగలు ఆటబొమ్మ అయిన గంట, చీకట్లో తలకు తగిలి మోగిందంటే ఆ రాత్రికి నిద్ర గోవిందా.

మెత్తటి గుడ్డతో కుట్టిన గుడిసెలు, గుడారాలు ముచ్చటగా ఉంటాయి, కానీ పెట్టకండి. పోగులు గోళ్లకు, మెడకు చుట్టుకుంటాయి. పిట్ట వాటిని కొరికి మింగితే పోగులు గొంతు సంచిలో ఉండలు కడతాయి. ఆడపిట్టకైతే అది గూడులా అనిపించి గుడ్లు మొదలెడుతుంది.

3. వేళ నిర్ణయించండి

చీకటి మొదలయ్యే గంట, ముగిసే గంట, రెండూ రాసుకోండి. ఇంటి వీలును బట్టి రాత్రి 7 నుంచి ఉదయం 6 దాకా అయినా, 9 నుంచి 8 దాకా అయినా ఫరవాలేదు. ఉద్యోగం నుంచి ఆలస్యంగా వచ్చి పిట్టతో కాసేపు గడపాలనుకునేవాళ్లు రెండోది ఎంచుకోవచ్చు. షరతు ఒకటే: ఉదయం 8 దాకా ఆ గదిలోకి వెలుతురు రాకూడదు. కిటికీకి మందపాటి తెర లేకపోతే, తొమ్మిదింటికి పడుకోబెట్టిన పిట్టను సూర్యుడు ఆరింటికి లేపేస్తాడు. లెక్కకు పదకొండు గంటలు, నిజానికి తొమ్మిదే.

ఇప్పుడున్న వేళ మార్చాలంటే రోజుకు 15 నిమిషాల చొప్పున జరపండి. ఒకేసారి రెండు గంటలు ముందుకు తెస్తే గుడ్డ కింద కూర్చుని అరుస్తుంది. మీరేమో "దీనికి గుడ్డ నచ్చడం లేదు" అనుకుంటారు.

సెలవు రోజుల్లోనూ అదే వేళ. అతిథులొచ్చారని రాత్రి పదింటికి గుడ్డ తీసి చూపించడం ఎంతమందికి అలవాటో! ఆ ఒక్కటీ మానుకోండి.

4. చీకటికి గంట ముందు

తిండి, నీళ్లు చూడండి. చిన్న పక్షులు పొద్దుపోయే ముందు కడుపు నింపుకుంటాయి. రాత్రంతా దాని మీదే గడపాలి కదా. గింజల గిన్నె నిండుగా కనబడితే నమ్మకండి, ఒకసారి పైన ఊదండి. బడ్జీ గింజ ఒలుచుకుని పొట్టు గిన్నెలోనే వదిలేస్తుంది. ఊదితే సగం గిన్నె గాల్లోకి లేస్తుంది.

ట్రేలో పాత కాగితం తీసి కొత్త తెల్ల కాగితం వేయండి. శుభ్రం కోసం మాత్రమే చేసే పని కాదిది. రేపు ఉదయం మీకు సమాచారం ఇచ్చేది ఆ కాగితమే. ఎలాగో కాసేపట్లో చెప్తాను.

పండ్ల ముక్కలు, ఆకుకూరలు, నానిన గింజలు తీసేయండి, రాత్రికి పాడవుతాయి. స్నానం కూడా ఈ వేళకు వద్దు. తడి ఈకలతో పడుకుంటే చలి పడుతుంది.

5. వెలుతురు మెల్లగా తగ్గించండి

స్విచ్చి ఆపగానే మన కళ్లు కాసేపటికి చీకటికి అలవాటు పడతాయి. చిలక జాతి పక్షులు, ఫించ్‌లు చీకట్లో మనంత కూడా చూడలేవు. ఎక్కడుంటే అక్కడే చిక్కుకుపోతాయి. ఊచలు పట్టుకుని వేలాడుతున్నప్పుడు దీపం ఆరితే రాత్రంతా అలాగే వేలాడే పిట్టలూ ఉన్నాయి.

అందుకని ముందు పెద్ద లైటు ఆపి, మూలనున్న చిన్న లైటు ఉంచండి. అరగంట ఆగండి. పిట్ట పై కర్రకెక్కి, ఈకలు దులుపుకుని, ముక్కుతో సన్నగా కరకరమని నూరుతున్న చప్పుడు వస్తే పని అయినట్టే. చిలక జాతివి నిద్రకు ముందు అలా నూరుతాయి. అది జబ్బు కాదు, హాయిగా ఉందని గుర్తు. ఇప్పుడు చిన్న లైటు కూడా ఆపండి.

6. గుడ్డ కప్పడం

వెనక, రెండు పక్కలు, పైన కప్పండి. ముందు వైపు కింద సగం వదిలేయండి, గాలి ఆడాలి. గదిలో పూర్తి చీకటి ఉంటే అసలు గుడ్డే అక్కర్లేదు. గుడ్డ తప్పనిసరి అన్నది అపోహ. గది చీకటి చేయలేని చోట అది ఒక సర్దుబాటు, అంతే.

గుడ్డ పనికొస్తుందో లేదో ఇలా తేల్చుకోండి. దాన్ని మీ ముక్కు, నోటి మీద కప్పుకుని ఒక నిమిషం ఊపిరి తీసుకోండి. ఉక్కగా అనిపిస్తే పిట్టకూ అంతే. సింథటిక్ దుప్పట్లు, రెయిన్‌కోటు గుడ్డ పనికిరావు. తువ్వాళ్ల మీద ఉండే చిన్న చిన్న పోగుల ఉచ్చుల్లో గోళ్లు ఇరుక్కుంటాయి. అంచులు కుట్టి ఉండాలి, వేలాడే దారం ఒక్కటి కూడా ఉండకూడదు.

కప్పాక ఒక పని తప్పక చేయండి: వంగి, మీ కన్ను పిట్ట కర్ర ఎత్తులో పెట్టి, అది చూసే వైపే చూడండి. టీవీ వెలుగు గోడ మీద నాట్యం చేయడం, చార్జరు మీది ఎర్ర చుక్క, తలుపు కింద సందులోంచి వచ్చే వెలుతురు, నిలబడి చూస్తే ఇవేవీ కనబడవు.

గుడ్డంటేనే బెదిరే పక్షులు కొన్ని ఉంటాయి. వాటికి గుడ్డను నాలుగైదు రోజులు పంజరం పక్కన కుర్చీ మీద వేసి ఉంచండి. తర్వాత వెనక వైపు మాత్రమే కప్పండి. ఆ తర్వాత ఒక్కో పక్కా.

7. చిన్న దీపం కావాలా?

కాకటీల్ అయితే కావాలి. రాత్రి ఉలిక్కిపడి కొట్టుకునే అలవాటు అన్నిటికన్నా దానికే ఎక్కువ. చిమ్మచీకట్లో కర్ర కనబడక మరింత బెదిరి రెక్కలు విరుచుకుంటుంది. దీపాన్ని నేల దగ్గర, పంజరానికి దూరంగా, గోడ వైపు తిప్పి పెట్టండి. కర్ర ఆకారం లీలగా కనబడితే చాలు. మీరు ఆ వెలుతుర్లో పేపరు చదవగలిగితే అది ఎక్కువైనట్టు. పాత రకం జీరో బల్బు పేరుకే జీరో, పంజరం పక్కన పెడితే అది పెద్ద దీపమే. బడ్జీలు, లవ్‌బర్డ్‌లు, ఫించ్‌లకు భయపడే అలవాటు ఉంటేనే పెట్టండి.

8. చప్పుళ్లు

నిలకడగా ఉండే శబ్దానికి పక్షి అలవాటు పడుతుంది, ఉన్నట్టుండి వచ్చేదానికి పడదు. ఫ్యాను రొద రాత్రంతా ఉన్నా పిట్ట పడుకుంటుంది. నిశ్శబ్దంలో ఒక్క గిన్నె జారిపడితే లేస్తుంది. కాబట్టి ఇల్లంతా సద్దుమణగడం కుదరని చోట, గదిలో ఫ్యాను వేసి (గాలి పంజరం మీదికి కాకుండా) చిన్న చప్పుళ్లను అందులో కలిపేయండి. పంజరం పెట్టిన బల్ల మీద ఫోను వైబ్రేషన్‌లో ఉంచకండి. ఆ అదురు ఊచల్లోంచి కర్రకు, కర్రలోంచి పాదాలకు వెళ్తుంది.

9. ఉదయం

లేపేటప్పుడు కూడా మెల్లగానే. ముందు మాట వినిపించండి, తర్వాత తెర కొంచెం తీయండి, ఆ తర్వాతే గుడ్డ. కళ్లు మూసుకుని ఉన్న పిట్ట మీద నుంచి గుడ్డ సర్రున లాగితే అది గద్ద వచ్చిందనే ఎగురుతుంది. పది నిమిషాల్లో తిండి అందుబాటులో ఉండాలి. ఫించ్‌లు, కానరీల విషయంలో ఇది మరీ ముఖ్యం, ఎక్కువసేపు ఖాళీ కడుపుతో ఉండలేవు.

10. పగటి కునుకు

మధ్యాహ్నం ఒకటి రెండు గంటలు ఎవరూ పలకరించకుండా వదిలేయండి. గుడ్డ వద్దు, చీకటీ వద్దు. టీవీ, పాటలు ఆపేసి, పంజరానికి ఒక వైపు మాత్రం మరుగు ఉంచండి. ఒంటికాలి మీద, ముక్కు వీపులో పెట్టుకుని ఇరవై నిమిషాలో అరగంటో కునికి లేస్తుంది. అది ఆరోగ్యకరమైన నిద్ర.

పగటి ప్రశాంతతను పాడుచేసేదాన్ని ఎవరూ అనుమానించరు: లైటు మినుకు. మన కంటికి నిలకడగా కనబడే చవక ఎల్‌ఈడీ, పాత ట్యూబులైటు పక్షి కంటికి మినుకుమంటూ కనబడవచ్చు. మన కన్నా వేగంగా మారే వెలుగును అవి పట్టగలవు. ఫోను కెమెరాను స్లో మోషన్‌లో పెట్టి లైటు వైపు తిప్పి తీయండి. వీడియోలో వెలుగు కొట్టుకుంటూ కనబడితే ఆ గదిలో ఆ లైటు మార్చేయండి.

ఒకే గది ఇల్లయితే

పడుకోవడానికి విడిగా చిన్న పంజరం పెట్టుకోవడం అన్నిటికన్నా తేలిక. బడ్జీకి 30 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, 40 ఎత్తు చాలు. ఒక కర్ర, నీళ్లు, కొద్దిగా గింజలు, అంతే, బొమ్మలేవీ వద్దు. దాన్ని చప్పుడు తక్కువుండే చోటుకు పట్టుకెళ్లవచ్చు. ఇది నిద్రకే గానీ పగలు ఉంచడానికి కాదు. మొదట పగలే అందులో ఇష్టమైన తిండి పెట్టి అలవాటు చేయండి. నేరుగా రాత్రి తోసి తలుపేస్తే ఆ పంజరం పేరు చెబితేనే పారిపోతుంది.

అదీ వీలు కాకపోతే బీరువాకు అవతలి పక్కన, లైటు సూటిగా పడని చోట పెట్టి, టీవీకి ఇయర్‌ఫోన్లు వాడండి.

అర్ధరాత్రి కొట్టుకుంటే

ముందు పరిగెత్తి లైటు వేయకండి. ఈ క్రమంలో చేయండి.

అ) దూరం నుంచే మెల్లగా, మామూలు గొంతుతో పేరు పెట్టి పిలవండి. మీ గొంతు దానికి తెలుసు.
ఆ) మూల లైటు వేయండి. లేకపోతే ఫోను టార్చిని గోడ వైపు తిప్పి పట్టుకోండి. దాని ముఖం మీద వేయొద్దు.
ఇ) గుడ్డ ముందు వైపు పూర్తిగా ఎత్తండి, కర్ర ఎక్కడుందో దానికి కనబడాలి.
ఈ) చెయ్యి లోపల పెట్టకండి. కాలో రెక్కో ఇరుక్కుంటే మాత్రమే.
ఉ) ఐదు పది నిమిషాలు ఆగండి. కర్రెక్కి, ఊపిరి మామూలయ్యాక, కదలకుండా నెత్తురు కోసం చూడండి: రెక్కల అంచులు, ముక్కు మొదలు, వేళ్లు, తోక. కాగితం మీద కూడా.
ఊ) చిన్న దీపం తెల్లారేదాకా అలాగే ఉంచండి.

గోరు విరిగి నెత్తురు వస్తుంటే కార్న్‌ఫ్లోర్ అద్ది కాసేపు వేలితో అదమండి. కొత్తగా వస్తున్న ఈక విరిగితే దాని కాడలో నెత్తురు ఉంటుంది. ఆ చోట గాజు గుడ్డతో మెల్లగా అదిమి పట్టుకోండి. ఆ ఈకను మీరే పీకకండి. 30 గ్రాముల బడ్జీ ఒంట్లో ఉండే నెత్తురే సుమారు 3 మిల్లీలీటర్లు. మనకు నాలుగు చుక్కలు లెక్క కాకపోవచ్చు, దానికి లెక్కే. ఐదు నిమిషాల్లో ఆగకపోతే తెల్లారేదాకా చూడకుండా పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి.

మర్నాడు కారణం వెతకండి. ఏ గంటకు జరిగిందో రాయండి. వరసగా మూడు రాత్రులు ఒకే వేళ అయితే, ఆ వేళకు వచ్చే వాహనమో, ఆగి మొదలయ్యే ఫ్రిజ్ మోటారో, తినడానికి వచ్చే ఎలుకో, గోడ మీది బల్లో బయటపడుతుంది. పంజరంలో రెండు పిట్టలుంటే ఒకటి కదిలి రెండోదాన్ని లేపుతుండవచ్చు. వాటికి ఒకే ఎత్తులో, ఎడంగా రెండు కర్రలు పెట్టండి. పై కర్ర ఒకటే ఉంటే దాని కోసం రోజూ రాత్రి పోట్లాటే.

నిద్ర పట్టిందా లేదా: కాగితం చదవడం

ఉదయం గుడ్డ తీశాక తిండి పెట్టే ముందు ట్రే బయటికి లాగండి. పట్టుమని పది సెకన్లు చూస్తే చాలు.

బాగా పడుకున్న పిట్ట రాత్రి రెట్టలన్నీ కర్రకు సరిగ్గా కింద ఒకే చోట ఉంటాయి. బడ్జీ అయితే బొటనవేలి గోరంత జాగాలో, ఒకదాని మీద ఒకటి పడి, ఆకుపచ్చ చుట్టల మీద తెల్లటి సున్నం చుక్కలతో చిన్న కుప్ప. మిగతా కాగితం అంతా తెల్లగా ఉంటుంది.

రెండు మూడు చోట్ల కుప్పలుంటే అన్నిసార్లు చోటు మారింది. కాగితమంతా చెల్లాచెదురుగా ఉంటే రాత్రంతా తిరిగింది. తెల్లారకముందే పొట్టు పడి ఉంటే లేచి తింది, అంటే వెలుతురు ఎక్కడి నుంచో వస్తోంది. మెత్తటి చిన్న ఈక ఒకటో రెండో మామూలే. రెక్క ఈకో తోక ఈకో పొడవుగా పడి ఉంటే, దాని కాడ మొదట్లో నెత్తురు ఉంటే, మీకు వినబడకుండా రాత్రి కొట్టుకుందన్నమాట.

రెండు వారాలు ఇలా చూసి రాయండి: పడుకున్న వేళ, లేచిన వేళ, కుప్పలెన్ని, పగలు ఎన్నిసార్లు కునికింది. వారానికి రెండుసార్లు, ఉదయం మొదటి రెట్ట వేశాక, తినకముందు కాటా మీద తూయండి. బడ్జీలు ఎక్కువగా 25 నుంచి 40 గ్రాములు, కాకటీల్స్ 80 నుంచి 110 గ్రాములు ఉంటాయి. కానీ పుస్తకాల అంకె కన్నా మీ పిట్ట సొంత అంకె ముఖ్యం. అందులో పదో వంతు తగ్గితే నిద్ర సంగతి పక్కన పెట్టి వైద్యుణ్ణి కలవండి.

ఏర్పాటు కుదిరితే వారం పది రోజుల్లో కరవడం, అదే పనిగా అరవడం తగ్గుముఖం పడతాయి. ఈకలు పీక్కునే అలవాటు మాత్రం అంత తొందరగా పోదు. దానికి నిద్రలేమి ఒక్కటే కారణం కాకపోవచ్చు, పరీక్ష చేయించాలి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

అరుస్తోందని పట్టపగలు గుడ్డ కప్పేయడం. ఇది అన్నిటికన్నా చెడ్డది. అరుపు ఆగుతుంది, కానీ గుడ్డంటే శిక్ష అని నేర్చుకుంటుంది. తర్వాత రాత్రి అదే గుడ్డ కింద ఎలా పడుకుంటుంది?

పడుకుందా లేదా అని గంటకోసారి గుడ్డ ఎత్తి చూడటం. చూడాలనిపిస్తే పాత ఫోన్‌లో వీడియో పెట్టుకోండి, తెర వెలుగు దాని వైపు పడకుండా.

పై నుంచి చెయ్యి దించి పట్టుకోవడం. చెయ్యి ఎప్పుడూ ఛాతీ ఎత్తులో, ముందు నుంచి, కనబడేలా రావాలి.

"మా పిట్టకు టీవీ అలవాటే" అనుకోవడం. మేలుకుని ఉండటానికి అలవాటు పడింది, పడుకోవడానికి కాదు.

కొన్ని ప్రత్యేక సందర్భాలు

కొత్తగా తెచ్చిన పక్షి: మొదటి మూడు నాలుగు రోజులు తిండి, నీళ్లు, కాగితం మార్చడం తప్ప చేతితో పని పెట్టుకోకండి. ఇంట్లో వేరే పక్షులుంటే కనీసం 30 రోజులు వేరే గదిలో ఉంచండి. మొదటి రాత్రి చిన్న దీపం ఏ జాతికైనా మంచిదే.

ఈకలు రాల్చే కాలం: తల మీద ముళ్లలా కొత్త ఈకలు మొలుస్తున్నప్పుడు ఒళ్లు నొప్పిగా, చిరాగ్గా ఉంటుంది. ఎక్కువ కునుకుతుంది. రాత్రి ఒక గంట కలపండి, తల గోకడం దానంతట అది అడిగితేనే.

జోడీ లేకపోయినా గుడ్లు పెట్టే ఆడపిట్ట: పగటి వెలుతురు మరీ ఎక్కువ గంటలుంటే ఒళ్లు గుడ్లకు సిద్ధమవుతుంది. కాకటీల్, బడ్జీ, లవ్‌బర్డ్‌లకు రెండు మూడు వారాలు చీకటిని 12 నుంచి 14 గంటలకు పెంచండి. పెట్టెలు, గుడిసెలు, అద్దం తీసేయండి. పెట్టిన గుడ్డు వెంటనే తీస్తే ఇంకోటి పెడుతుంది, విసిగి వదిలేసేదాకా ఉంచండి. కటిల్ బోన్ (కాల్షియం కోసం కొరకడానికి పెట్టే తెల్లటి పెంకు) అందుబాటులో ఉండాలి. అడుగున కూర్చుని ముక్కుతూ, తోక ఊపుతూ ఉంటే గుడ్డు అడ్డుపడి ఉండవచ్చు. అది గంటల్లో వైద్యుడు చూడాల్సిన పని.

బాణసంచా రాత్రి: చప్పుడు మొదలవకముందే లోపలి గదికి మార్చండి. కిటికీలు మూసి, ఫ్యాను లేదా మెల్లని పాటలు పెట్టి, గదిలో మామూలు వెలుతురు ఉంచండి. ఆ రాత్రి చీకటి చేయొద్దు. మెరుపు చీకట్లోనే ఎక్కువ బెదరగొడుతుంది. పోయిన నిద్ర మర్నాడు మధ్యాహ్నం తీర్చుకోనివ్వండి.

ఇది నిద్ర కాదు, జబ్బు

ఆరోగ్యంగా ఉన్న, ఎదిగిన పిట్ట సాధారణంగా ఒంటికాలి మీద పడుకుంటుంది, పిలిస్తే వెంటనే ఈకలు సర్దుకుని చురుగ్గా చూస్తుంది. రెండు కాళ్ల మీద, ఈకలు ఉబ్బించుకుని, పట్టపగలు కళ్లు సగం మూసి, పిలిచినా పట్టించుకోకుండా ఉంటే అది అలసట కాదు. ఊపిరితో పాటు తోక పైకి కిందికి ఊగడం, ముక్కు తెరిచి ఊపిరి తీయడం, కర్ర వదిలి అడుగున కూర్చోవడం వీటిలో ఏది కనబడినా అదే రోజు పక్షుల గురించి తెలిసిన పశువైద్యుడికి చూపించాలి. పక్షులు జబ్బును చివరిదాకా దాచుకుంటాయి, మనకు కనబడేసరికి చాలా ముదిరి ఉంటుంది.

బయల్దేరే లోపు చిన్న పంజరంలోకి మార్చి, కర్ర తీసి అడుగున మెత్తటి నూలు గుడ్డ (పోగులు లేనిది) పరిచి, తిండి నీళ్లు మూతి దగ్గర పెట్టండి. లోపల 29 నుంచి 32 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండేలా, పంజరానికి ఒక వైపు మాత్రమే వేడి నీళ్ల సీసా గుడ్డ చుట్టి ఆనించండి. రెండో వైపు చల్లగా వదలాలి, ఎక్కువైతే అటు జరుగుతుంది. రెక్కలు ఒంటికి దూరంగా పెట్టి రొప్పుతుంటే వేడి ఎక్కువైనట్టు, సీసా తీసేయండి. ఆ ఉదయం ట్రేలోంచి తీసిన కాగితాన్ని పారేయకుండా మడిచి వెంట తీసుకెళ్లండి. వైద్యుడు మొదట అడిగేది రెట్ట గురించే.